పంటి వేరులో పూడికతీత

‘పీకేయండి సార్... పీడ పోతాది!’

దవడ పన్ను సలిపితే రాయదుర్గంలో తరచూ వినిపించే మాట ఇది. అందులో తప్పుపట్టడానికేమీ లేదు. జీన్సు ప్యాంట్లు కుట్టి పీసుకింతని కూలి తీసుకునేవాళ్లకు ఒక పూట మిషను ఆగితే ఆ పూట డబ్బులు లేనట్టే. రూట్ కెనాల్‌కి మూడు నాలుగుసార్లు తిరగమంటే ఎలా?

అందుకే ‘చేత్తో కాదు, మిషన్‌తో చేస్తాం. తొందరగా అయిపోతుంది’ అంటే ప్రాణం లేచొస్తుంది. ఖర్చు కాస్త ఎక్కువైనా సరేననిపిస్తుంది. మరి పన్ను కూడా ఎక్కువ శుభ్రపడుతుందా?

ఇక్కడే ఉంది అసలు సంగతి. పంటి వేరులో వెంట్రుకంత సన్నటి దారులుంటాయి. కుళ్లిన నరాన్ని వాటిలోంచి ఫైళ్లతో గీకి తీయాలి. లావుపాటి స్టీలు ఫైలు సులువుగా వంగదు. వంకర వేరులో పక్కదారి పట్టే ప్రమాదముంది. నికెల్, టైటానియం కలిపిన లోహంతో ఫైళ్లు చేయొచ్చని 1988లో అమెరికా పరిశోధకులు చూపించారు. అది రబ్బరులా వంగి మళ్లీ నిటారవుతుంది. మిషన్‌కి తగిలించి తిప్పే ఫైళ్లు ఆ తర్వాతే ఊపందుకున్నాయి. వీటితో పని త్వరగా అవుతుంది, వేరు వంపు చెడదు. కాకపోతే ఒక్కోసారి చెప్పాపెట్టకుండా లోపలే విరుగుతాయి.

ఇక శుభ్రం మాట. 2001లో జ్యూరిచ్ పరిశోధకులు పై దవడ పళ్లను సూక్ష్మ సీటీ స్కాన్‌తో పరీక్షించారు. ఒక రకం చేతి ఫైళ్లు, మూడు రకాల మిషన్ ఫైళ్లు వాడి చూశారు. దేనితో చేసినా 35 శాతం, అంతకంటే ఎక్కువ గోడ తాకకుండానే మిగిలిపోయింది!

కారణం తేలికే. ఫైలు గుండ్రంగా తిరుగుతుంది. వేరులోని దారి గుండ్రంగా ఉండదు. కోలగా, చీలికలతో, పక్క సందులతో ఉంటుంది. పాతబావిలో పూడిక తీసేటప్పుడు పార అందని మూలల్లాంటివే ఇవీ. అక్కడికి చేరాల్సింది మందునీళ్లే. సోడియం హైపోక్లోరైట్ ద్రావణం కుళ్లిన కండను కరిగిస్తుంది, క్రిముల్ని చంపుతుంది. మొదటి ప్రపంచయుద్ధంలో సైనికుల గాయాలు కడిగింది ఈ మందుతోనే. గీకినప్పుడు గోడకంటుకున్న పొరను ఈడీటీఏ అనే మరో మందు వదిలిస్తుంది.

అంటే మిషన్ దారి వేస్తుంది, మందు శుభ్రం చేస్తుంది. కాబట్టి ‘ఏ మిషన్?’ అన్న ప్రశ్నతో ఆగొద్దు. ‘దేంతో కడుగుతారు, ఎంతసేపు? ఉమ్మి తగలకుండా పంటికి రబ్బరు తొడుగు వేస్తారా?’ అనీ అడగాలి. సగం వైద్యంలో నొప్పి తగ్గిందని మానేయకూడదు. నరం చచ్చినా క్రిములు చావవు. పని పూర్తయ్యాక డాక్టరు చెబితే క్యాప్ వేయించుకోవాలి.

పీకిస్తే పీడ పోతుందేమో... జొన్నరొట్టె నమలడానికి ఆ పన్ను మాత్రం మళ్లీ రాదు!