చెప్పొద్దు, ఆగండి

మూడు గుళ్ళు, మూడు కొలనులు. ప్రతి గుడి ముందూ ఒక కొలను. అందులో పూలు ముంచితే రెట్టింపవుతాయి. ఒక భక్తుడు కొన్ని పూలు తెచ్చి మొదటి కొలనులో ముంచాడు, మొదటి గుడిలో కొన్ని పెట్టాడు. మిగిలినవి రెండో కొలనులో ముంచి, రెండో గుడిలోనూ అన్నే పెట్టాడు. మూడో చోటా అంతే. చివరికి చేతిలో ఒక్క పువ్వూ మిగల్లేదు. తెచ్చినవెన్ని? ఒక్కో గుడిలో పెట్టినవెన్ని?

పుస్తకంతో పనిలేకుండా తెలుగు ఇళ్ళలో నోటి మీదే నడిచిన లెక్క ఇది. పోచారంలో మా అపార్ట్‌మెంట్ కింద, వేసవి సెలవుల్లో సాయంత్రం పూట పిల్లలు చేరినప్పుడు ఇలాంటివి అడుగుతుంటాను. ఉప్పల్ నుంచి ఘట్‌కేసర్ వెళ్ళే దారిలో, ఇన్ఫోసిస్ వచ్చాక పెరిగిన కాలనీలు మావి. ఇక్కడి పిల్లలకు ఫోను పలక కన్నా ముందు పరిచయం. ఒకసారి ఈ లెక్క సగం వినగానే ఒక కుర్రాడు, "యూట్యూబ్‌లో ఉంటది అంకుల్" అంటూ ఫోను తీశాడు. పక్కనున్న పిల్ల చటుక్కున వాడి చెయ్యి పట్టుకుంది. "ఆగు, చూడకు. అంకుల్, మీరు గూడ చెప్పొద్దు!"

లెక్కల్లోని ఆనందమంతా ఆ "చెప్పొద్దు" దగ్గరే ఉందని నా నమ్మకం.

ఆ పిల్ల ముందు అయిదు పూలతో చూసింది, ఆరుతో చూసింది. కుదరలేదు. కాసేపు దిక్కులు చూసి, చివరి నుంచి మొదలుపెట్టింది. మూడో గుడిలో అన్నీ పెట్టేశాడంటే, మూడో కొలనులో ముంచకముందు చేతిలో అందులో సగమే ఉండాలి. వాటికి రెండో గుడిలో పెట్టినవి కలిపి మళ్ళీ సగం. దానికి మొదటి గుడివి కలిపి ఇంకోసారి సగం. "మూడుసార్లు సగం చెయ్యాలె కదా, ఎనిమిది అనుకుందాం" అంది. ఎనిమిదిలో సగం నాలుగు. నాలుగూ ఎనిమిదీ పన్నెండు, సగం ఆరు. ఆరూ ఎనిమిదీ పద్నాలుగు, సగం ఏడు. తెచ్చినవి ఏడు, గుడికి ఎనిమిది! ఫోను పట్టుకున్న కుర్రాడు అప్పటికే దాన్ని జేబులో పెట్టేశాడు. "పద్నాలుగు తెచ్చి పదహారేసి పెడితే గూడ సరిపోతది" అన్నాడు. ఒకే ప్రశ్నకు అంతులేనన్ని జవాబులుండొచ్చని వాళ్ళకు ఎవరూ చెప్పలేదు, వాళ్ళే కనిపెట్టారు. ఇలా చివరి నుంచి వెనక్కి నడిచే పద్ధతిని ఆర్యభటుడు 499 నాటి ఆర్యభటీయంలోనే సూత్రంగా చెప్పాడు. భాస్కరాచార్యుడు 1150లో లీలావతిలో మళ్ళీ వివరించాడు.

అలాగని వీడియోల మీద నాకు చిన్నచూపు లేదు. 2020 సెప్టెంబరులో తెలంగాణ సర్కారు బడుల పాఠాలు దూరదర్శన్ యాదగిరి, టీశాట్ ద్వారా ఇళ్ళకు వచ్చినప్పుడు తెర విలువ ఏమిటో అందరం చూశాం. కొన్ని సంగతులు బొమ్మగా చూస్తేనే మనసుకెక్కుతాయి. ఒకటికి మూడు కలిపితే నాలుగు, దానికి అయిదు కలిపితే తొమ్మిది, ఏడు కలిపితే పదహారు. బేసి సంఖ్యలను వరసగా కలిపితే ప్రతిసారీ వర్గసంఖ్యే ఎందుకొస్తుంది? ఒక గడి చుట్టూ రెండు పక్కలా మూడు గళ్ళు, దాని చుట్టూ అయిదు గళ్ళు వచ్చి అతుక్కుంటూ చదరం పెరగడం తెర మీద చూసిన పిల్లలు జన్మలో మరిచిపోరు. పైగా వీడియో విసుక్కోదు. అర్థం కాకపోతే పదిసార్లు వెనక్కి తిప్పుకోవచ్చు.

నా దిగులు చిటికెలో జవాబు చూపించి ముగిసిపోయే వీడియోల గురించే. 43ని 11తో గుణించాలంటే నాలుగూ మూడూ కలిపి ఆ ఏడును మధ్యలో పెట్టు, 473 అంటారు. బాగుంది. కానీ 430కి 43 కలుపుతున్నామని, పదుల స్థానంలో మూడూ నాలుగూ కలుస్తున్నాయని చెప్పకపోతే అది గారడీ. ఆ ఒక్క మాటా చెబితే లెక్క.

లెక్కను వినోదంగా చెప్పడం మనకు కొత్త కాదు. తొమ్మిదో శతాబ్దపు మహావీరాచార్యుడు తన గణితసారసంగ్రహంలో హారాల్లాంటి గుణకారాలు కూర్చాడు. 152207ను 73తో గుణించి చూడండి, ఎనిమిది ఒకట్లు వరసగా వస్తాయి. ఆ గ్రంథాన్ని పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. చదరంగం గళ్ళలో ధాన్యం రెట్టింపు చేసుకుంటూ పోతే వచ్చే ఇరవై అంకెల సంఖ్యను శశి అంటే ఒకటి, వేదాలంటే నాలుగు, బాణాలంటే అయిదు అనే లెక్కన చెప్పే పద్యమూ మనకుంది. పద్యం విన్నవాడు దాన్ని విప్పుకోవాలి. విప్పుకునే ఆ వ్యవధిలోనే లెక్క వంటబట్టేది.

గణితావధానాలకు జనం సభలు నిండేలా వచ్చిన రోజులూ ఉన్నాయి. ప్రొద్దుటూరు దగ్గరి కల్లూరులో 1907లో పుట్టిన లక్కోజు సంజీవరాయశర్మ గారికి పుట్టుకతోనే చూపు లేదు. అవధానంలో పుట్టిన తేదీ చెబితే వారం చెప్పేవారు, మధ్యలో ఫిడేలు వాయించేవారు. రెండును 103 సార్లు వేసి గుణిస్తే వచ్చే 32 అంకెల సంఖ్యను సభలో ఒప్పజెప్పారని ఇప్పటికీ చెప్పుకుంటారు. అది చూసినవాళ్ళు ఆయన మేధకు ఆశ్చర్యపోయి ఇంటికి వెళ్ళి ఉంటారు. చిన్న చిక్కులెక్క ఇచ్చే ఆశ్చర్యం వేరు. దాన్ని విప్పిన పిల్లలు తమ బుర్రను చూసి తామే ఆశ్చర్యపోతారు. లెక్కలంటే వణికే పిల్లలకు కావలసింది ఈ రెండోది.

అందుకే అమ్మానాన్నలను ఒక్కటి అడుగుతాను. పిల్లలతో కూర్చుని లెక్కల వీడియోలు చూడండి. ప్రశ్న రాగానే ఆపండి. కాగితం, పెన్సిలు ఇవ్వండి. ఆ పూటకు తెగకపోతే రేపటికి ఉంచండి. తప్పు జవాబు చెబితే "అలా ఎందుకనుకున్నావు?" అని అడగండి. తెలుగులో ఇలాంటి వీడియోలు చేసేవాళ్ళు కూడా ప్రశ్నకూ జవాబుకూ మధ్య కాస్త చోటు వదలాలి. జవాబు తెలిసి నోరు కట్టుకోవడం పెద్దలకు కష్టమే. అయినా ఆ ఓర్పు మనం చూపించినప్పుడే పిల్లలు సొంతంగా ఆలోచించడం మొదలుపెడతారు. ఒక్కసారి ఆ రుచి తగిలితే తర్వాతి లెక్క కోసం వాళ్ళే మన వెంట పడతారు.