మట్టము

ఇంజనీరు సంచిలో నేమేమి యుండునని మా యింటికి వచ్చు బంధువుల పిల్లలు తరచుగా నడుగుచుందురు. మేము సంచి విప్పి యొక్కొక్క వస్తువునే బల్లపై పెట్టుదుము. ముప్పది మీటర్ల టేపు, జానెడు రసమట్టము, దారమునకు గట్టిన గుండు, అట్టకట్టిన లెవెలు పుస్తకము, రెండు పెన్సిళ్లు, కాలిక్యులేటరు, చేతిదీపము, ఒక సుద్దముక్క. ఈ నడుమ ఉపగ్రహముల సంకేతముల నందుకొను జీపీఎస్ పరికర మొకటియు, చేతిఫోను నొకటియు వీనితో జేరినవి. పిల్లలు తక్కినవాని నన్నిటిని ప్రక్కకు నెట్టి ఫోనును మాత్రమే చేత బట్టుకొందురు. పెద్దలు చేయునదియు నించుమించుగా నదియే.

మేము నలువదియేండ్లుగా కాలువల పనులలో దిరిగినవారము. ఈ వస్తువులలో దేనిని నిందింపము. వీనివలననే మా జీవనము సాగినది. అయినను పరికరము చెప్పినదెల్ల సత్యమని నమ్మి, మనుష్యుడు చెప్పినమాటను పెడచెవిని బెట్టి, ఒక యూరివారికి మేము చేసిన యపకార మొకటి గలదు. ఆ సంగతి నిచట జెప్పదలచితిమి. అది మాకు గౌరవము తెచ్చునది కాదు. కాని దాచుట యంతకంటె నగౌరవమని తోచుచున్నది.

ముందుగా మా నిత్యకృత్యమును గూర్చి రెండు మాటలు. కాలువ ఇంజనీరు తెల్లవారకమున్నే గట్టుమీద నుండవలెను. ఎండ యెక్కినకొలది నేలనుండి వేడిగాలి లేచి, దుర్బిణిలో స్టాఫుమీది యంకెలు నీటిలోని నీడలవలె వణకుచుండును. కావున పది గంటలలోపలనే మట్టములు తీసికొనుట మంచిది. ఆవల తూములయొద్ద నీటికొలతలు, రైతుల మొరలు, కంట్రాక్టరు పనికి కొలతల పుస్తకము, సాయంకాలము లెక్కలు. మేము చదువుకొన్ననాడు లెక్కలకు స్లైడురూలే యాధారము. అది మూడంకెలవరకు జెప్పును గాని, దశాంశబిందు వెచ్చట నుంచవలెనో చెప్పదు. కావున జవాబు సుమారుగా నెంత యుండవలెనో చేయువాడు ముందుగనే మనసులో నూహించుకొనవలసియుండెను. 1972లో జేబులో బట్టు శాస్త్రీయ కాలిక్యులేటరు అమెరికాలో వెలువడినది. కొన్నియేండ్లకు మా చేతికిని వచ్చినది. అది పదంకెలు చూపును. అంకెలు పెరిగినవి. ముందుగా నూహించు నలవాటు తగ్గినది.

గోదావరి డెల్టా నేల యెంత చదునైనదో యచ్చటివారు ఎరుగుదురు. ఆర్థరు కాటనుదొర 1847లో మొదలిడి 1852లో ముగించిన ధవళేశ్వరపు ఆనకట్ట వలనను, దాని స్థానమున 1982లో పూర్తియైన బ్యారేజి వలనను పారు కాలువలకు వాలు మిక్కిలి స్వల్పము. మేము త్రవ్వించిన పంటకాలువకు నిర్ణయించిన వాలు పదివేలకు ఒకటి. అనగా కిలోమీటరు నడచినచో పది సెంటీమీటర్లు దిగును. బెత్తెడుకంటె కొంచెమెక్కువ. ఆ బెత్తెడులో నొక యూరి యన్నము గలదు.

1986 వేసవిలో శివారు భూములకొరకు రెండున్నర కిలోమీటర్ల పిల్లకాలువ నొకదానిని క్రొత్తగా త్రవ్వవలసివచ్చెను. మా లెవెలు యంత్రమును పెట్టెలో నుంచి సైకిలు వెనుక గట్టి తీసికొనిపోవుచుండగా, పని మొదలిడుటకు నాలుగు దినములకు ముందు గట్టుమీదినుండి జారి పడెను. విప్పిచూచితిమి. అద్దము పగులలేదు. బుడగ తన స్థానమున నిలుచుచునే యున్నది. ఇంక భయము లేదనుకొంటిమి. పడిన యంత్రమును పరీక్షింపక వాడరాదని మాకు దెలియును. కాని పరీక్షకు అరపూట పట్టును. అరపూటను మిగిల్చుకొంటిమి.

మట్టము తీయునపుడు యంత్రమును వెనుకటి స్టాఫునకును ముందటి స్టాఫునకును సరిగా నడుమ నిలుపవలెను. ఇదియు దెలిసినదే. కాని ముందటి స్టాఫు దగ్గరగా నుండినచో నంకెలు చక్కగా గానవచ్చును, పని త్వరగా సాగును. కావున వెనుకకు డెబ్బది మీటర్లు, ముందునకు ముప్పది మీటర్లు, ఈ తీరున ఇరువదియైదుమార్లు యంత్రమును నిలిపి రెండున్నర కిలోమీటర్లు నడచితిమి. చివరినుండి మరల మొదటికి మట్టము తీసికొనివచ్చి సరిచూచుకొనవలసినది. అదియు మానితిమి.

శివారున కడపటి మేకు పాతించుచుండగా మా లస్కరు దగ్గరకు వచ్చెను. ఆ గట్టుమీద పదునైదేండ్లుగా నడచుచున్న వృద్ధు. అతడు మేకు వంక చూచి, "అయ్యగారూ, ఈ మేకు ఎత్తుగా పెట్టారండి. వానాకాలంలో ఇక్కడ నా మోకాలు దాకా నీళ్లు నిలుస్తాయండి. మీ మేకేమో గట్టుమీదకొచ్చినట్టుందండి. ఇంకాస్త దించాలండి" అనెను. మేము పుస్తకమునుండి తల యెత్తక, "యంత్రం కంటే నీ మోకాలు గొప్పదా ఏమయ్యా?" అంటిమి. చుట్టునున్న కూలీలు నవ్విరి. అతడును నవ్వెను. మేకు అచ్చటనే యుండెను.

సార్వాకు నీరు వదలిరి. ఎగువ పొలములు పచ్చబడినవి. శివారున ఆకుమళ్లు ఎండ నారంభించినవి. నాట్లు నెల దినములు వెనుకబడినవి. శివారు రైతులు వచ్చి మొరపెట్టుకొనిరి. మేమేమి చేసితిమో చెప్పుటకు సిగ్గగుచున్నది. లెక్కప్రకారము నీరు చేరితీరవలెను గావున, ఎగువవారు తూములు పెద్దవిగా జేసికొని నీరు దొంగిలించుచున్నారని పైయధికారులకు వ్రాసితిమి. ఎగువవారిని పిలిచి మందలించిరి. వారు తాము నిర్దోషులమని మొత్తుకొనిరి. ఒక యూరిలో రెండు ప్రక్కల వారికి మాటలు పెరిగినవి. వియ్యమందిన యిండ్లనడుమ రాకపోకలు నిలిచిపోయినవి. మేము మాత్రము మా లెవెలు పుస్తకమును చంకబెట్టుకొని, చదువులేని రైతుల స్వభావమింతే యని నిట్టూర్చితిమి.

పంట కోతలైన తరువాత కాలువ కట్టివేసిరి. ఒకనాటి సాయంకాలము లస్కరు మమ్మడుగకయే శివారున మట్టితో నడ్డుకట్ట వేసి, కాలువలో మిగిలిన నీటిని నిలువబెట్టెను. తెల్లవారుజామున గాలి లేవకమున్నే మా గుమ్మముకడ నిలిచి, "ఒక్కసారి టేపు తీసుకుని రండయ్యగారూ" అనెను. ఎందుకని యడుగక వెంట నడచితిమి. కాలువ మొదట నీటిలోతును కొలిపించెను. ముప్పది సెంటీమీటర్లు. చివరకు నడిపించి యచట గొలిపించెను. నలువదియైదు. నిలిచిన నీటి పైతల మంతయు నొకే మట్టము గదా. వాలు సరిగా నుండినచో చివరిలోతు ఏబదియైదు కావలెను. పది సెంటీమీటర్లు తక్కువ. అనగా కాలువ యడుగు శివారున పది సెంటీమీటర్లు ఎత్తుగా నున్నది. లస్కరు వినయముగా, "నేను చెప్పడం కాదండి, నీళ్లు చెబుతున్నాయండి" అనెను.

మిగిల్చుకొన్న యరపూట నానాడు వ్యయపరచితిమి. అరువది మీటర్ల దూరమున రెండు మేకులు పాతించి, యంత్రమును సరిగా నడుమ నిలిపి చూచితిమి. రెండు మేకుల యెత్తులకు భేదము 237 మిల్లీమీటర్లు. తరువాత యంత్రమును మొదటి మేకుచెంతకు జరిపి చూచితిమి. భేదము 243. నేలలోని మేకులు కదలలేదు. కదలినది మా చూపు. బుడగ నడుమనే యున్నను, దుర్బిణి చూపు అరువది మీటర్లకు ఆరు మిల్లీమీటర్లు క్రిందికి వాలియుండెను. ముందువెనుకల దూరములకు నలువది మీటర్ల వ్యత్యాసముండుటచే నిలిపినప్పుడెల్ల నాలుగు మిల్లీమీటర్ల తప్పు పుట్టినది. ఇరువదియైదు మార్లకు నూరు మిల్లీమీటర్లు. నీళ్లు చెప్పిన లెక్కయే. మొత్తముమీద ఇరువదియైదు సెంటీమీటర్లు దిగవలసిన కాలువ పదునైదే దిగినది. ప్రవాహవేగము వాలుయొక్క వర్గమూలము ననుసరించునని 1889 నాటి మానింగు సూత్రము చెప్పును. ఆ లెక్కను నీరు ఐదింట నొక పాలునకు మించి తగ్గినది. ఆ పాలు సరిగా శివారువారిది.

ఆ రాత్రి పైయధికారులకు లేఖ వ్రాయ గూర్చుంటిమి. మొదట "యంత్రదోషమువలన" అని వ్రాసితిమి. వ్రాసి చదువుకొనగా నది నిజమువలెనే యుండెను. కాని యంత్రము తనంత తాను పొలమునకు నడచిపోలేదు. ఆ కాగితమును చించి, "మా యజాగ్రత్తవలన" అని మరల వ్రాసితిమి. మరునాడు ఊరిలోనికి బోయి రావిచెట్టుక్రింద ఇరుపక్షములవారిని గూర్చుండబెట్టి, నీరెవరును దొంగిలింపలేదు, తప్పు మాది యని చెప్పితిమి. ఎవరును తిట్టలేదు. ఎగువ రైతులలో నొక పెద్ద, "ఈ మాట నాలుగు నెలల క్రితం చెబితే మా అమ్మాయి పండక్కి పుట్టింటికొచ్చేదండి" అని మాత్రమనెను. తిట్టియుండిన బాగుండెడిదని మాకు దోచెను.

1987 వేసవిలో కాలువ యడుగును దించి సరిచేయించితిమి. సార్వాలో నీరు శివారునకు జేరినది. లస్కరుతో, "నీ మోకాలే గెలిచిందయ్యా" అనగా నతడు, "యంత్రం మంచిదేనండి. పడ్డప్పుడు దానికీ దెబ్బ తగులుతుంది కదండీ" అనెను. మేము వానిపట్ల చూపని దయ వాడు యంత్రముపట్ల జూపెను.

పడుట యంత్రములకు సహజమే. 1802లో మద్రాసునుండి భారతభూమిని కొలువ నారంభించిన లాంబ్టను దొరయొక్క గొప్ప థియొడొలైటు, అరటన్ను బరువు గలది, 1808లో తంజావూరున గోపురముపైకి ఎత్తుచుండగా త్రాడు తెగి దెబ్బతినెను. ఆయన గుడారములో గూర్చుండి వారములతరబడి శ్రమించి దానిని సరిదిద్దుకొని, ఆ మీదటనే ముందునకు సాగెను. మాకు కొరవడినది పరికరము కాదు, ఆ యోపిక.

పైని చెప్పిన పరీక్షలో నొక విశేషము గలదు. యంత్రము నడుమ నిలిచినపుడు దాని చూపు వంకరగా నున్నను జవాబు సరిగానే వచ్చినది. తప్పు రెండు ప్రక్కల సమానముగా బడి తనంత తానే రద్దగును. ఒకరికి దగ్గరగను, వేరొకరికి దూరముగను నిలిచినపుడే ఆ వంకర లెక్కలోనికి వచ్చును. చూపులో నిసుమంతయు వంకర లేని మనుష్యు డున్నాడని మేము నమ్మజాలము. పుట్టిన కులము, చదివిన చదువు, తొడిగిన చొక్కా, అందుకొను జీతము, ఇవన్నియు మన చూపును నించుక వంచియే యుంచును. ఆ వంకరను పూర్తిగా బోగొట్టుకొనుట మన వశమున లేకపోవచ్చును. నిలుచుచోటు మాత్రము మన వశమున నున్నది. ఆ వేసవిలో మేము పుస్తకముచెంత నిలిచి లస్కరును దూరమున నుంచితిమి. అంతయు నందుండియే పుట్టినది.

నేటి పరికరములు మా నాటివానికంటె నెన్నియో రెట్లు మేలైనవి. టోటల్ స్టేషను దూరమును, కోణమును క్షణములో గొలిచి తానే వ్రాసికొనును. ఉపగ్రహ పరికరము ఎత్తును సైతము చెప్పును. కాని కాకినాడ సముద్రతీరమున నిలిచి చూచినచో, కొన్ని పరికరములు మనము సముద్రమట్టమునకు అనేక పదుల మీటర్లు లోతున నున్నట్లు చూపును. అవి యబద్ధమాడుట లేదు. ఉపగ్రహము లెక్కకొరకు గల్పించుకొన్న గ్రుడ్డు ఆకృతిగల భూతలమునుండి యెత్తు గొలుచును. మన దేశపు మట్టములో, 1909లో తొమ్మిది రేవులయొద్ద సముద్రపు పోటుపాటులను గమనించి స్థిరపరచిన యాధారమునుండి లెక్కింపబడినవి. దేనినుండి కొలిచితివని యడుగనివానికి పదంకెల జవాబును ప్రమాదమే.

ఇటీవల మాయొద్ద పని నేర్చుకొనుటకు వచ్చిన యమ్మాయి యొకతె మొదటి దినముననే ఆ ప్రశ్న నడిగినది. ప్రతి సోమవారమును రెండు మేకుల పరీక్ష చేయనిదే యంత్రమును పొలమునకు దీసికొనిపోదు. గట్టుమీద లస్కరు కనబడినచో నిలిచి, "ఇక్కడ వానాకాలంలో నీళ్లెంతవరకు వస్తాయి బాబాయ్?" అని యడిగి, ఆ మాటను పుస్తకమున వ్రాసికొనును. మన తెలుగింటి యాడుబిడ్డ అయ్యలసోమయాజుల లలితగారు, పదునెనిమిదవ యేట వైధవ్యము ప్రాప్తింపగా, చంటిబిడ్డతో గిండీ ఇంజనీరింగు కళాశాలలో జేరి, 1940 దశకమున పట్టము పొందిరి. వారు తెరచిన త్రోవను వచ్చిన యీ బిడ్డలు మేము నలువదియేండ్లకు నేర్చినదానిని మొదటి యేటనే యెరిగియుండుట మాకు పరమసంతోషము.

చదువరులలో గాలువలు త్రవ్వించువారు కొలదిమందియే యుందురు. కాని యింట తగవు తీర్పని తల్లి లేదు, పని చేయువారిపై దప్పు మోపని యజమాని లేడు. అట్టివారికొక చిన్న పరీక్ష చెప్పి ముగింతుము. మొన్న మా మనుమడు ఫోను చేతికి దొరకక, రసమట్టమును బల్లపై బెట్టి, "తాతయ్యా, బుడగ పక్కకు పోతోంది. ఇది పాడైపోయింది" అనెను. దానిని తీసి కొన లటు నిటు మార్చి మరల బెట్టుమంటిమి. బుడగ మరల మునుపటి దిక్కునకే పోయెను. రసమట్టము చెడినదైనచో బుడగ దానితోబాటు దిక్కు మార్చుకొనియుండెడిది. చెడినది రసమట్టము కాదు, బల్ల. పదేండ్లుగా ఆ బల్లమీదనే మేము లెక్కలు వ్రాయుచుంటిమి. వాడు అట్టముక్క నొకదానిని మడిచి బల్లకాలిక్రింద బెట్టెను.