ఎవరు ఎవరిని తోశారు?

న్యూజెర్సీలో ఓ చలికాలం పొద్దున నాకు పక్షవాతం వచ్చింది. మెదడులో ఎడమవైపు రక్తనాళం మూసుకుపోయింది. కుడి చెయ్యి త్వరగానే కదిలింది. మాట రాలేదు. దీన్ని అఫేజియా అంటారు.

మొదటి రాత్రి నర్సు ఏమడిగినా తల ఊపాను. సగం అర్థం కాలేదు. ఆ సంగతి తెలియనివ్వడానికి సిగ్గేసింది. ఏళ్ల తరబడి ఇంగ్లీషులోనే ఉద్యోగం చేసినదాన్ని.

రెండోవారం స్పీచ్ థెరపిస్టు రెండు బొమ్మలు ముందు పెట్టింది. ఒకదాంట్లో అబ్బాయి అమ్మాయిని తోస్తున్నాడు. ఇంకోదాంట్లో అమ్మాయి అబ్బాయిని తోస్తోంది. 'ద గర్ల్ పుష్డ్ ద బాయ్' అంది. సరిగ్గానే చూపించాను. 'ద బాయ్ వాజ్ పుష్డ్ బై ద గర్ల్' అంది. అబ్బాయి తోస్తున్న బొమ్మ మీద వేలు పెట్టాను. మళ్లీ అంది. మళ్లీ అదే బొమ్మ. ప్రతి మాటా తెలిసిందే, ఎవరు ఎవరిని తోశారో మాత్రం అందలేదు. ఏడ్చేశాను. 'ద మ్యాంగో వాజ్ ఈటెన్ బై ద గర్ల్' అంటే తడబడలేదు. మామిడిపండు మనిషిని తినదు కదా.

బుద్ధి మందగించడం కాదు ఇది అని ఆవిడే చెప్పింది. 1976లో కరమాజా, జూరిఫ్ అనే పరిశోధకులు నాలాంటివాళ్లలో ఇలాంటిదే గమనించారట. ఇంగ్లీషులో పని ఎవరు చేశారన్నది ఎక్కువగా మాటల వరసే చెబుతుంది. 'వాజ్', 'బై' వచ్చి ఆ వరసను తిరగేస్తాయి. నాకు జారిపోతున్నవి ఆ చిన్నమాటలే. మా ఆయన తెలుగులో 'అబ్బాయిని అమ్మాయి తోసింది' అంటే, ఆ 'ని' పట్టుకుని గట్టెక్కేదాన్ని. అదీ నెమ్మదిగా అంటేనే.

ఇంటికొచ్చాక అసలు భయం మందుల దగ్గర పట్టుకుంది. 'బిఫోర్ టేకింగ్ దిస్ టాబ్లెట్, చెక్ యువర్ బ్లడ్ ప్రెషర్' అని కాగితంలో ఉంది. ముందు మాత్రా? ముందు బీపీయా? ఇంట్లో ఎవరూ లేరు. మాత్ర పట్టుకున్న చెయ్యి వణికింది. మా అమ్మాయి ఆఫీసు నుంచి వచ్చేదాకా వేసుకోలేదు. ఆ రాత్రే అది కాగితమంతా తిరగరాసింది. బీపీ చూడు. తర్వాత మాత్ర వేసుకో. ఆ కాగితానికీ, నా జవాబు కోసం గడియారం చూడకుండా కూర్చున్న థెరపిస్టుకూ నేను రుణపడి ఉన్నాను.

మీ ఇంట్లో ఎవరికైనా ఇలా వస్తే గట్టిగా అరిచి చెప్పకండి. చెవులు బాగానే వినిపిస్తాయి. చేసినవాళ్లను ముందు చెప్పండి. ఒక వాక్యంలో ఒక్క సంగతే ఉంచండి. అర్థమైందా అంటే ఊఁ అంటాం. ఏం అర్థమైందో చూపించమనండి.

ఇప్పుడు కాగితం మీద ఉన్నవి చాలావరకు తెలుస్తున్నాయి. ఇన్సూరెన్సువాళ్లు ఫోన్ చేస్తే మాత్రం స్పీకర్ పెట్టి అమ్మాయిని పిలుస్తాను.