రేకుపెట్టెలో నోటు పుస్తకం



రీసర్వే రాళ్ళు పాతడం మొదలైనప్పటి నుంచి మన సంఘంలో ప్రార్థన మనవులు మారాయి. ఇదివరకు జ్వరాల కోసం, పిల్లల పరీక్షల కోసం చీటీలు వచ్చేవి. ఇప్పుడు గట్టు తగాదాలో గెలిచేలా ప్రార్థించమని వస్తున్నాయి. ఈమధ్య ఒక ఆదివారం ఒకే తగాదా మీద రెండు చీటీలు వచ్చాయి. ఒకటి అన్న రాసింది, ఒకటి తమ్ముడు రాసింది. ఇద్దరూ ఆ రోజు ఒకే బల్లలో పాలు పొందినవాళ్ళే. ఎవరని అడగకండి, మేము చెప్పం.

ఆ రెండు చీటీలు చూశాక మా ఇంటి సంగతి ఒకటి రాయాలనిపించింది. మేము అంటే ఇక్కడ మీకు కాపరిగా ఉన్న తమ్ముడు, హైదరాబాదులో ఉన్న అన్న. ఇద్దరం ఫోనులో మాట్లాడుకుని, ఇద్దరి మాటగా దీన్ని మీ ముందు పెడుతున్నాం.

మేమిద్దరం ఒకప్పుడు లా చదివామని మీలో చాలామందికి తెలియదు. చదివింది ఒక్క టర్మే. ఇరవై ఏళ్ళ కిందట ఆమదాలవలస స్టేషన్లో ప్యాసింజరు ఎక్కి, ఒక ట్రంకు పెట్టె, ఒక పరుపు చుట్టతో విశాఖపట్నం వెళ్ళి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చేరాం. అన్న డిగ్రీ అయ్యాక రెండేళ్ళు ఎరువుల కొట్లో పనిచేశాడు. తమ్ముడి డిగ్రీ అయ్యేదాకా ఆగి, ఇద్దరం ఒకే ఏడు చేరాం. ఊళ్ళో అందరూ పిల్లలు పైకొస్తున్నారని సంతోషించారు. మమ్మల్ని ఎందుకు పంపారో మాత్రం నాన్నకు, మాకు తెలుసు. చిన్నాన్న మీద కేసు గెలవడానికి.

తాతగారికి రెండెకరాల నలభై సెంట్లు ఉండేది. ఆయన పోయాక పెద్దల సమక్షంలో చెరి సగం అనుకున్నారు. నోటిమాటే, కాగితం లేదు. చిన్నాన్నకు ఖరగ్‌పూర్‌లో రైల్వే గ్యాంగులో పని దొరికింది. వెళ్తూ వెళ్తూ, "అన్నయ్యా, నా వంతు కూడా నువ్వే చూసుకో, నేను వచ్చాక మాట్లాడుకుందాం" అన్నాడట. నాన్న దున్నారు. శిస్తు కట్టారు. అడంగల్లో మొత్తం నాన్న పేరే ఎక్కింది. పదహారేళ్ళ తర్వాత చిన్నాన్న రిటైరై వచ్చి నా ఎకరా ఇరవై నాకు ఇమ్మన్నాడు. నాన్న ఇవ్వనన్నారు. చిన్నాన్న పట్నంలో దావా వేశాడు. పదహారేళ్ళుగా భూమి నా స్వాధీనంలోనే ఉంది, అది నాదే అని నాన్న జవాబు వేయించారు. ప్రతి వాయిదాకీ ప్లీడరు ఫీజు కట్టలేక, "మిమ్మల్నే ప్లీడర్లను చేసేస్తాను" అనేవారు మాతో.

అందుకే క్లాసులో కూర్చున్న మొదటి రోజు నుంచి మేము ప్రతి పాఠంలోనూ చిన్నాన్ననే వెతికాం.

కాంట్రాక్టు చట్టం పాఠంలో 1919 నాటి ఒక ఇంగ్లీషు తీర్పు వచ్చింది. సిలోనులో ఉద్యోగం చేసే భర్త, ఇంగ్లండులో ఉండిపోయిన భార్యకు నెలకు 30 పౌన్లు పంపుతానని మాట ఇచ్చాడు. తర్వాత ఇవ్వలేదు. ఇంట్లోవాళ్ళు ఒకరికొకరు ఇచ్చుకునే అలాంటి మాటలు మామూలుగా కాంట్రాక్టులు కావని కోర్టు ఆ దావాను ఒప్పుకోలేదు. ఆ రాత్రి హాస్టల్లో మాకు నిద్ర పట్టలేదు. నాన్న చిన్నాన్నకు ఏ మాట ఇచ్చి ఉన్నా అది ఇంటి మాటే కదా అని సంబరపడ్డాం.

ఆ ఊపులో మా సిలబస్‌లో లేని పుస్తకాలు కూడా లైబ్రరీలో తీశాం. 1963 నాటి లిమిటేషన్ చట్టంలో 65వ ఆర్టికల్ దొరికింది. ఒకరి భూమి మరొకరి చేతిలో, యజమాని హక్కును కాదన్న రీతిలో ఉంటే, ఆనాటి నుంచి పన్నెండేళ్ళలో యజమాని దావా వేయాలి. వేయకపోతే ఆయన హక్కే పోతుంది. నాన్నది పదహారేళ్ళు! ఆ పేజీ చేత్తో ఎత్తి రాసుకుని ఇంటికి ఉత్తరంలో పంపాం. నాన్న ఆ ఉత్తరాన్ని బైబిల్లో పెట్టుకున్నారని అమ్మ తర్వాత చెప్పింది.

టార్ట్స్ అనే సబ్జెక్టులో మాత్రం వేరే రకం పాఠం ఎదురైంది. 1928లో స్కాట్లాండులోని పెయిస్లీ ఊళ్ళో ఒకామెకు స్నేహితురాలు జింజర్ బీరు సీసా కొనిపెట్టింది. సగం తాగాక, సీసాలోంచి కుళ్ళిన నత్త పడిందని, దానివల్ల జబ్బు పడ్డానని ఆమె దావా వేసింది. కొన్నది ఆమె కాదు, కాబట్టి సీసా తయారుచేసినవాడికీ ఆమెకూ కాంట్రాక్టు లేదు. అయినా 1932లో ప్రభువుల సభ ఆమె పక్షంగా చెప్పింది. ఆ తీర్పులో లార్డ్ అట్కిన్ అనే జడ్జి, నా పొరుగువాడు ఎవడు అన్న ప్రశ్నను తీసుకున్నాడు. నా పనివల్ల ఎవరికి నేరుగా దెబ్బ తగులుతుందో, ఆ పని చేసేటప్పుడు ఎవరు నా మనసులో ఉండాలో, వాళ్ళే చట్టం దృష్టిలో నా పొరుగువాళ్ళు అని ఆయన సారాంశం.

మాస్టారు ఈ ప్రశ్న మొదట ఎక్కడిదో చెప్పమన్నారు. క్లాసంతా నిశ్శబ్దం. మేమిద్దరం చేతులెత్తాం. లూకా సువార్త పదవ అధ్యాయం, మంచి సమరయుడు అన్నాం. "యేసును అడిగినవాడు ఎవరు?" అన్నారు మాస్టారు. ధర్మశాస్త్రోపదేశకుడు అన్నాం. "అంటే లాయరే కదా. ఎందుకు అడిగాడు?" అన్నారు. ఇద్దరం తల దించుకున్నాం. సండే స్కూల్లో నేర్చుకున్నదే, మాకు తెలియక కాదు. తన్ను తాను నీతిమంతునిగా చూపించుకోవడానికి అడిగాడు. ఆ కాలేజీలో మేము చేస్తున్న పని కూడా అదే.

అయినా మేము మారలేదు. పిల్లలారా, ఇది దాచకుండా చెబుతున్నాం. వాక్యం గుచ్చుకుంది, పక్కకు తీసి పెట్టేశాం.

ఆ పుస్తకాల్లోనే ఇంకొంచెం ముందుకు చదివితే ఒక మెలిక కనబడింది. అనుమతితో ఉన్న స్వాధీనం ఎన్నేళ్ళైనా అనుమతే. "నువ్వు చూసుకో" అని యజమాని అప్పజెప్పిన భూమిని ఎంతకాలం దున్నినా, అతని హక్కును బాహాటంగా కాదన్న రోజు వరకు ఆ పన్నెండేళ్ళ లెక్కే మొదలవదు. మేము ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. చిన్నాన్న అప్పజెప్పి వెళ్ళాడనడానికి రుజువేముంది, నోటిమాటే కదా అని ధైర్యం చెప్పుకున్నాం.

టర్ము అయ్యాక క్రిస్మస్ సెలవులకు ఇంటికొచ్చాం. కేసు కాగితాలు సర్దమని నాన్న రేకుపెట్టె మా ముందు పెట్టారు. శిస్తు రసీదుల అడుగున అట్ట ఊడిన నోటు పుస్తకం ఒకటి దొరికింది. అంతా నాన్న చేతిరాతే. ఎరువులు, కూలీలు, బస్తాలు. మొదటి నాలుగేళ్ళ పంట లెక్కల్లో ప్రతి ఏడూ చివర ఒక వరుస ఉంది: "తమ్ముడి వంతు" అని, పక్కన బస్తాల లెక్క, పంపిన తారీకు. అయిదో ఏడు నుంచి ఆ వరుస లేదు.

పంపకం జరిగిందనడానికి, ఆ భూమి తమ్ముడిదని నాన్నకు తెలుసుననడానికి, తమ్ముడి తరఫునే దున్నారనడానికి అదే సాక్ష్యం. చిన్నాన్న దగ్గర అలాంటి కాగితం ఒక్కటీ లేదు. ఆ పుస్తకం ఉందని ఆయనకు తెలియదు. సాక్ష్యాల దశ ఇంకా మొదలవలేదు. పొయ్యి నాలుగడుగుల దూరంలో ఉంది.

నాన్నకు చూపించాం. చాలాసేపు చూశారు. "అది ఇంకా ఉందా" అన్నారు. తర్వాత, "పొయ్యిలో పడేయండి" అన్నారు.

మా ఇద్దరిలో ఎవరు ముందు మాట్లాడామో మాకిప్పటికీ సరిగా గుర్తులేదు. "కేసు గెలుస్తాం నాన్నా. పొలం మాత్రం చిన్నాన్నదే" అన్నాం. నాన్న లేచి బయటికెళ్ళిపోయారు. ఆ క్రిస్మస్‌కి ఆయన గుడికి వచ్చారు గానీ మాతో మాట్లాడలేదు. పుస్తకాన్ని అమ్మ తన బట్టల్లో దాచింది.

జనవరిలో, నూర్పిళ్ళు అయ్యాక, నాన్న ఎవరికీ చెప్పకుండా బండి కట్టారు. రెండు బస్తాలు, పైన ఆ నోటు పుస్తకం. చిన్నాన్న అద్దెకుంటున్న ఇంటి ముందు దించి, "అయిదో ఏడు నుంచి బాకీ పడ్డానురా" అన్నారట. తర్వాత వచ్చిన లోక్ అదాలత్‌లో ఇద్దరూ సంతకాలు పెట్టారు. ఎకరా ఇరవై చిన్నాన్నకు వెళ్ళింది.

ఇక్కడితో ఆపేస్తే కథ తియ్యగా ఉంటుంది. కానీ నిజం చేయడానికి ఖర్చవుతుందని కూడా మీకు చెప్పాలి. సగం పంట పోయాక ఇద్దరి ఫీజులు కట్టడం నాన్న వల్ల కాలేదు. మేము రెండో టర్ముకు వెళ్ళలేదు. అన్న హైదరాబాదులో టైల్స్ దుకాణంలో చేరాడు, మళ్ళీ లా చదవలేదు. నల్లకోటు వేసుకున్నవాళ్ళను చూస్తే ఇప్పటికీ కాసేపు ఆగి చూస్తానంటాడు. తమ్ముడు నాలుగేళ్ళు కూలి పనులు చేసి, ఆ తర్వాత బైబిలు శిక్షణకు వెళ్ళాడు. చిన్నాన్న కూడా వెంటనే కరగలేదు. పెళ్ళిళ్ళకు వచ్చి భోంచేయకుండా వెళ్ళిన రోజులున్నాయి. కానీ నాన్న ప్రభువు నందు నిద్రించినప్పుడు పెట్టె మోసిన నలుగురిలో చిన్నాన్న ఒకరు. సమాధి దగ్గర భుజం మార్చుకోమంటే మార్చుకోలేదు.

లూకా పన్నెండవ అధ్యాయంలో ఒకడు యేసు దగ్గరకు వచ్చి, ఆస్తి పంచిపెట్టమని తన అన్నకో తమ్ముడికో చెప్పమంటాడు. మేము సెలవుల్లో ఆ భాగం ఎన్నిసార్లు చదివామో. ప్రభువు ఆ తీర్పరి పని ఒప్పుకోలేదు, లోభం విషయంలో జాగ్రత్త అన్నాడు. అడిగినవాడికి న్యాయంగా వాటా ఉందో లేదో మనకు తెలియదు. చేతిలో ఉన్నదాన్ని పట్టుకున్నవాడికీ, లేనిదాన్ని అడిగేవాడికీ ఆ హెచ్చరిక ఒకటే.

చట్టాన్ని తక్కువ చేసి ఈ మాట చెప్పడం లేదు. ఆ ఒక్క టర్ము చదువు లేకపోతే ఆ నోటు పుస్తకం విలువ మాకు తెలిసేదే కాదు, రసీదులతో కలిపి మళ్ళీ పెట్టెలో పడేసేవాళ్ళం. ఏది గెలవవచ్చో చట్టం చెప్పింది. ఏది మనదో ఆ పుస్తకం చెప్పింది. గెలవగలిగిందంతా మనది కాదు, ప్రియులారా.

మీలో హక్కు ఉండి అన్యాయం జరుగుతున్నవాళ్ళు మౌనంగా ఉండాలనీ మేము అనడం లేదు. చిన్నాన్న దావా వేయకపోతే మా నాన్న మారేవారు కాదు. కోర్టు ఆవరణలోనే న్యాయ సేవాధికార సంస్థ ఉంటుంది. స్త్రీలకు, షెడ్యూల్డు కులాల, తెగల వారికి, తక్కువ ఆదాయం ఉన్నవారికి ఉచితంగా లాయరును ఇస్తారు. 15100 నంబరుకు ఫోను చేసి అడగవచ్చు. కోర్టులో ఉన్న కేసు లోక్ అదాలత్‌లో రాజీ అయితే కట్టిన కోర్టు ఫీజు తిరిగి వస్తుంది, దాని మీద మళ్ళీ అప్పీలు ఉండదు. తగాదా మీ పిల్లల దాకా పోదు.

ఆ రెండు చీటీల విషయంలో మేము ఎవరి గెలుపు కోసమూ ప్రార్థించలేదు. ఈ వారం మీ ఇంట్లో ఉన్న రేకుపెట్టె ఒకసారి తెరవండి. మీకు అనుకూలమైన కాగితాలు మాత్రమే కాదు, అడుగున ఉన్నవి కూడా తీయండి. తర్వాత ఇద్దరూ కలిసి మా దగ్గరకు రండి. టీ పెట్టి ఉంచుతాం.

పరలోకపు తండ్రీ, మా సరిహద్దుల కంటే ముందు మా మనసులను కొలువుము. మేము దాచినదాన్ని వెలుగులోకి తెచ్చే ధైర్యము మాకిమ్ము. ఒకే బల్ల దగ్గర కూర్చున్న అన్నదమ్ములను ఒకే ఇంటివారిగా నిలుపుము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.