సామర్లకోట నుంచి సముద్రం దాకా

పెద్దాపురానికి ఆనుకునే ఉన్న సామర్లకోటకు చెందిన గోలి శ్యామల 2021 మార్చిలో పాక్ జలసంధిని ఈదారు. శ్రీలంక ఒడ్డు నుంచి ధనుష్కోటి దాకా దాదాపు 30 కిలోమీటర్లు, 13 గంటల 43 నిమిషాలు. అప్పటికి ఆమె వయసు నలభై ఏడు దాటింది.

చిన్నప్పటి నుంచీ పతకాలు కొట్టిన క్రీడాకారిణి కాదు. యానిమేషన్ రంగం మనిషి. నీళ్లంటే భయం కూడా ఉండేది. వ్యాపారం దెబ్బతిని మనసు కుంగినప్పుడు, నడివయసులో ఈత మొదలుపెట్టారు.

సముద్రపు ఈత కొలనులో ఈతలాంటిది కాదు.
పట్టుకోవడానికి గోడ ఉండదు, అడుగు కనపడదు. పక్కనే పడవ ఉంటుంది గానీ ముట్టుకోకూడదన్నది ఈ ఈత నియమం. తిండీ నీళ్లూ నీళ్లలోనే.
జెల్లీఫిష్‌లు కుడతాయి, ప్రవాహం పక్కకు లాగేస్తుంది.
గంటల తరబడి ఊపిరినీ చేతి వేగాన్నీ చూసుకోవడమే పని. అప్పుల లెక్కలు, ఓటమి తలపోతలు అంతసేపు పక్కకు తప్పుకోవాల్సిందే. మేలు చేసేది బహుశా ఇదే.
(కుంగుబాటుకు వైద్యుడు అక్కర్లేదని కాదు.)

2024 డిసెంబరు చివర్లో శ్యామల విశాఖలో సముద్రంలోకి దిగి, రోజుకు కొంత చొప్పున దాదాపు 150 కిలోమీటర్లు ఈది, 2025 జనవరి మొదట్లో కాకినాడ తీరం చేరారు. అప్పటికి యాభై రెండేళ్లు.

పెద్దాపురం, సామర్లకోట చుట్టుపక్కల నలభై దాటాక ఈత నేర్చుకున్న ఆడవాళ్లెవరైనా ఉంటే, ఎక్కడ నేర్చుకున్నారో కింద రాయండి.