మడమశూల

ప్రాతఃకాలమున మంచము దిగి మొదటియడుగు మోపినంతనే మడమక్రింద మేకు దిగినట్లగుట, పది యిరువదియడుగులు నడచినపిమ్మట కొంత సడలుట, కూర్చుండి లేచునపుడు మరల మొదటికి వచ్చుట, ఈ లక్షణములు మన సోదరీమణులలోఁ బెక్కండ్రకు సుపరిచితములు. అయినను దీనిని వ్యాధిగా నెన్నువా రరుదు. జ్వరము వచ్చినచో నిల్లంతయు గుమిగూడును. మడమ నొచ్చుచున్నదన్న "నడవఁగా నదియే పోవు"నందురు. ఈ మాట మేమును బలుమాఱు వింటిమి.

అరికాలిలో మడమయెముకనుండి వ్రేళ్లమొదళ్లవఱకు వింటినారివలె బిగువైన దళసరి పట్టీ యొకటి గలదు. పాదపు వంపును నిలుపునది యదియే. గంటలతరబడి గట్టినేలపై నిలుచుట, దేహభారము హెచ్చుట, పిక్కలు బిగిసియుండుట, వీనిచే నా పట్టీ మడమయొద్ద నలఁగి చెడును. నిద్రలో ముడుచుకొనిన పట్టీ తెల్లవాఱి భారము పడఁగనే సాగుటచే శూల పుట్టును. సుశ్రుతుఁడు వాతకంటకమని యొకదానిని జెప్పి, పాదమును విషమముగా మోపుట కారణమనెను. రెండును సర్వథా యొకటియే యనము గాని, కంటకమను పేరు నొప్పి యెఱిఁగినవారికి మిక్కిలి సార్థకముగాఁ దోఁచును.

మన పూర్వులు పీటపైఁ గూర్చుండి వండిరి. నేఁడు గ్యాసుపొయ్యి గట్టుపైకెక్కినది. మనము గ్రానైటు పలకలపై నుత్తకాళ్లతో నిలుచుంటిమి. వంటయింటికై మెత్తని చెప్పులజత వేఱుగఁ దెచ్చినపుడు మా యత్తగారు రెండుదినములు ఆ గడప త్రొక్కలేదు. బజారు మొగ మెఱుఁగని చెప్పులని మనవి చేసితిమి. మూఁడవనాఁడు "నాకును నొకజత తెప్పింపుము" అనిరి. బడిలో దినమెల్ల నిలుచుండి పాఠము చెప్పు మావారికిని నొప్పి తగిలినపిమ్మట వాదమే లేకపోయినది.

చికిత్సలో ముఖ్యమైనది మందు కాదు, సాగదీఁత. పడక దిగకమునుపే నొప్పికాలిని రెండవమోకాలిపై నుంచుకొని, కాలివ్రేళ్లను జేతితో వెనుకకు వంచి, పది లెక్కించువఱకుఁ బట్టవలెను. ఇట్లు 10 మాఱులు, దినమునకు 3 పర్యాయములు. గోడకుఁ జేతులానించి, నొప్పికాలు వెనుకనుంచి, మడమ నేల వీడక ముందునకు వంగి పిక్కను 30 సెకనులు సాగదీయుట మఱియొకటి. నెలలు పట్టును, ఓపిక వలయును. పెక్కుమందికి ఏడాదిలోపల శస్త్రము లేకయే తగ్గును. ఎక్సురేలో మడమయెముకకు ముల్లు కనఁబడెనని బెదరవలదు. నొప్పి యెన్నఁడు నెఱుఁగనివారి మడమలయందును నట్టి ముల్లు కనఁబడుచుండును. స్టెరాయిడు సూదిమందు కొంతకాలము హాయి నిచ్చును గాని, మాటిమాటికిఁ బొడిపించుకొన్నచో పట్టీ తెగు భయము గలదు.

మడమ నిరుప్రక్కల నదిమిన నోర్వలేకపోవుట, మంటయుఁ దిమ్మిరియు నుండుట, రెండుమడమలతోపాటు తెల్లవాఱి నడుము బిగిసిపోవుట, వాపును జ్వరమును గలుగుట, ఇవి యున్నచో వెంటనే వైద్యునికిఁ జూపవలెను.

కాఁచిన యిటుకపై జిల్లేడాకులు పఱచి మడమ నదుముట మన యిండ్ల వాడుక. దీని నపహసింపము, వెచ్చఁదనము కొందఱికి హాయియే. మధుమేహము గలవారి మాట వేఱు. మా యత్తగారి కా వ్యాధి 15 సంవత్సరములుగా నున్నది. ఒకనాఁడు పొరుగింటి పెద్దమ్మగారు ప్రేమతో నిటుక కాఁచి తెచ్చి వారి కాలిక్రింద నుంచిరి. "వేఁడి చాలలేదు, ఇంకను గాఁచుఁడు" అని మా యత్తగారనుట విని, పరుగున వచ్చి ముట్టిచూచితిమి, చేయి నిలువలేదు. పాదములు స్పర్శ గోల్పోవుట యా వ్యాధిలోఁ గలదు. పొక్కు పుండగును, పుండు త్వరగా మానదు, కడకుఁ గాలికే మోసము రావచ్చును. ఇటుక నావల పెట్టించి, మఱునాఁడే వైద్యునియొద్దకుఁ గొనిపోయితిమి. సన్నని నైలానుపోఁగుతోఁ బొడిచి చూచి, నాలుగుచోట్ల స్పర్శ లేదనిరి. నాఁటినుండి ప్రతిరాత్రి వారి యరికాళ్లు పరీక్షించుట మా పని. కోడలు కాళ్లు పట్టుట కొప్పుకొందురు గాని, చూచుటకు మొదట నొప్పుకొనరైరి. ఇపుడు తామే దీపమువైపునకుఁ గాలు చాఁపుచున్నారు.