దుజియాంగ్‌యాన్‌కు ఒక పూట చాలదు

లోయాంగ్, షియాన్, చెంగ్డూ. చైనా లోపలి ప్రాంతాలకు వెళ్లే బృంద యాత్రలు చాలావరకు ఈ మూడు ఊళ్లనూ కలుపుకునే సాగుతాయి. మా బృందం దారీ అదే. లోయాంగ్‌లో లోంగ్‌మెన్ గుహలకు, షియాన్‌లో మట్టి సైనికులకు, చెంగ్డూలో పాండాలకు తీరిగ్గా సమయం ఇచ్చి, మిగిలిన పూటను దుజియాంగ్‌యాన్ నీటి కట్టడానికి కేటాయించారు. ఈ కేటాయింపు తిరగబడాలని నా వాదన. లోపలి చైనాలో అన్నిటికన్నా ఎక్కువసేపు నిలబడి చూడాల్సింది ఆ కట్టడాన్నే. మిగతావి గతాన్ని చూపిస్తాయి, అది ఇవాళ్టికీ పని చేస్తోంది.

1974లో బావి తవ్వుతున్న రైతులకు మట్టి సైనికుల ముక్కలు దొరికాయి. ఇప్పుడు మొదటి గుంతలో బారులు తీరి కనిపించే బొమ్మలు దాదాపు అన్నీ పగిలి దొరికినవే, నిపుణులు ఏళ్ల తరబడి అతికి నిలబెట్టారు. వాటికి ఒకప్పుడు రంగులుండేవి. మట్టిలోంచి బయటపడి గాలి సోకగానే ఆ పూత ముడుచుకుని రాలిపోయింది. వాటిని ఇన్నాళ్లూ కాపాడింది ఎవరి కంటా పడకపోవడమే. అదే నగరంలో 652లో కట్టిన పెద్ద బాతు గోపురం ఉంది. మన ధాన్యకటకం దాకా వచ్చి వెళ్లిన హ్యుయాన్‌త్సాంగ్ తెచ్చిన గ్రంథాలను భద్రపరచడానికి కట్టింది అది. గోపురాన్ని తర్వాత మళ్లీ కట్టాల్సి వచ్చింది. ఆయన అనువదించిన సూత్రాలను మాత్రం బౌద్ధ మఠాల్లో ఇప్పటికీ పఠిస్తున్నారు. వాడుకలో ఉన్నది నిలుస్తుందనడానికి షియాన్‌లోనే దొరికే సాక్ష్యం ఇది.

చెంగ్డూకు వాయవ్యాన, మిన్ నది కొండలు దిగి మైదానంలో అడుగుపెట్టే చోట దుజియాంగ్‌యాన్ ఉంది. క్రీ.పూ. 256 ప్రాంతంలో చిన్ రాజ్యపు అధికారి లీ బింగ్ దీన్ని మొదలుపెట్టాడు. నదికి అడ్డంగా ఆనకట్ట లేదు. ప్రవాహం మధ్య చేపనోరులా పొడుచుకొచ్చిన గట్టు నీటిని రెండు పాయలుగా చీలుస్తుంది. లోపలి పాయ ఇరుకు, లోతు. బయటిది వెడల్పు, మెరక. అందుకే నీరు తక్కువగా ఉన్నప్పుడు పదింట ఆరు పాళ్లు లోపలికి, అంటే పొలాలకు పోతుంది. వరదలో లోపలికి పోయేది నాలుగు పాళ్లే, మిగతాది బయటి పాయలో సాగిపోతుంది. నది వంపు తిరిగే తీరు వల్ల పైనున్న తేట నీరు లోపలికి మళ్లుతుంది, అడుగున దొర్లే ఇసుక, గులకరాళ్లు చాలావరకు బయటికి పోతాయి. లోపలికొచ్చిన నీరు కొండను చీల్చి చేసిన ఇరుకు గండిలోంచి మైదానానికి చేరాలి. గండి పట్టనంత నీరొస్తే, దాని ముందున్న తక్కువ ఎత్తు అలుగు మీదుగా మిగులు జలం ఇసుకతో సహా నదిలోకి పొర్లిపోతుంది. మందుగుండు లేని ఆ కాలంలో రాతిని మంటలతో కాల్చి, నీళ్లు పోసి పగలగొట్టారని చెబుతారు. ఈ నీటితో పండిన ధాన్యం చిన్ రాజ్యానికి బలమిచ్చింది. క్రీ.పూ. 221లో చైనాను ఏకం చేసి, మట్టి సైన్యాన్ని చేయించుకున్న చక్రవర్తి ఆ రాజ్యపు వారసుడే. అతని వంశం 15 ఏళ్లలో కూలింది. కాలువలు ఈనాడు 6 లక్షల హెక్టార్లకు పైగా తడుపుతున్నాయి.

ఇప్పుడున్నది లీ బింగ్ కట్టిందేనా అని అడగవచ్చు. కాదు. ఆయన కాలంలో వెదురు బుట్టల్లో రాళ్లు నింపి గట్టు పోశారు, ఇప్పుడక్కడ కాంక్రీటు ఉంది, గేట్లున్నాయి. చేపనోరు కూడా కాలక్రమంలో చోటు మారింది. కానీ ఏటా పూడిక లోతుగా తీయాలి, అలుగును తక్కువ ఎత్తులోనే ఉంచాలి అన్న నియమం మాత్రం మారలేదు. ఎంత లోతు తవ్వాలో తెలియడానికి నది అడుగున ఇనుప కడ్డీలు పాతిపెట్టారు. చేతులు మారినా పని ఆగకపోవడమే దీని ప్రాచీనత అని నేను నమ్ముతున్నాను. ఎగువన జిపింగ్‌పు డ్యామ్ వచ్చాక వరదను అదుపు చేసే భారం చాలావరకు అటు మళ్లిందన్న అభ్యంతరంలో నిజముంది. అయినా నీటిని పంచే పని ఇక్కడే జరుగుతోంది. 2008 మే భూకంపంలో పక్క కొండ మీద లీ బింగ్‌కూ ఆయన కొడుక్కూ కట్టిన గుడి బాగా దెబ్బతింది, చేపనోరు మాత్రం బీటలతో బయటపడింది.

మట్టి సైన్యం మహత్తర శిల్పం, కాలువతో దానికి పోలికేమిటన్నది ఇంకా గట్టి ప్రశ్న. ఆ ముఖాల ముందు నిలబడ్డవారెవరూ వాటి గొప్పతనాన్ని కాదనలేరు, వాటిని వదిలేయమని నేనూ అనను. అడుగుతున్నది సమయం గురించి. బొమ్మను చూడగానే దాని అందం మనసుకు అందుతుంది. నీటి కట్టడం అలా ఒక్క చూపుకు లొంగదు. పైనుంచి కిందికి నీటి వెంట నడిస్తేనే అర్థమవుతుంది. ధవళేశ్వరం కాలువల కింద సేద్యం చేసి, కాటన్ దొర విగ్రహానికి దండలు వేసే గోదావరి రైతులకు లీ బింగ్ గుడి ఎందుకుందో ఎవరూ చెప్పనక్కర్లేదు. బృందాలను తీసుకెళ్లేవారు చెంగ్డూలో ఒక పూర్తి రోజు దీనికి ఇవ్వాలి. వీలైతే ఏప్రిల్ మొదట్లో వచ్చే చింగ్‌మింగ్ పండుగకు వెళ్లేలా చూడాలి. కాలువలకు నీరు వదిలే పాత పద్ధతిని అప్పుడు జనం ముందు చేసి చూపిస్తారు: నదికి అడ్డంగా నిలిపిన దుంగల ముక్కాళ్లను తాళ్లతో లాగి పడగొట్టగానే, నీళ్లు పొలాల వైపు దూకుతాయి.